పట్టు లేని కనెక్టర్

మిట్టమధ్యాహ్నం కుట్టు కర్మాగారం పైకప్పు మీద, సోలార్ పలకల కింద పొగ లేచింది. కరెంటు మేస్త్రీ స్విచ్ ఆపి, తీగలను కలిపే కనెక్టర్‌ను కోసి తెచ్చి యజమానురాలికి చూపించాడు. సగం కరిగిపోయింది.

"రెండు ముక్కలూ వేర్వేరు కంపెనీలవమ్మా. పైకి కవలల్లా ఉన్నా లోపల పట్టు లేదు. అందుకే వేడెక్కి అంటుకుంది."

వాటిని బిగించింది ఆమె తమ్ముడే. పక్కనే ఉన్న అతడి ముఖం పాలిపోయింది.

"ఆఖరి రోజున ఒక కంపెనీవి అయిపోతే వేరేవి కొని కలిపానక్కా. నువ్వేమో సాయంత్రానికల్లా కరెంటు రావాలని ప్రాణం తోడేశావు. క్లిక్‌మంది కదా అని వదిలేశా."

తొందరపెట్టింది తానే. ఆమె అడిగింది.

"ఇంకెక్కడ ఇలా కలిపావురా?"

"కొన్నవాటిలో మిగిలినవి... మన పాప బడి మీది సోలార్ పలకలకు."

ఆమె వెంటనే బడికి ఫోను చేసింది.

"ముందు పిల్లలందర్నీ బయటికి పంపండి!"