ఒలిచిన చెట్టు మీద చెయ్యి

దూజోంగ్ అనే మందుచెట్టు పట్టను విరిస్తే రెండు ముక్కల మధ్య వెండి పోగులు సాగుతాయి. లాగేకొద్దీ వస్తాయే తప్ప ఓ పట్టాన తెగవు. పెళ్ళై ఇరవై రోజులైన మాన్‌లింగ్‌కి ఆ ఆట మీద మోజు తీరడం లేదు. ఒక ముక్క తను పట్టుకుని, రెండోది మొగుడు శెంగ్‌లిన్ చేతికిచ్చి, కొండవాలు మీద వెనక్కి వెనక్కి నడుస్తోంది.

"మందు పట్టతో ఆటలేంటమ్మాయ్!" మామగారు కసిరాడు. ముసలి థాన్‌కి రక్తపోటు నూట తొంభై. కుడిచేతికి ఉంగరపు వేలు లేదు, ఏనాడో కొడవలికి పోయింది.

"ఇందులో సారం రక్తనాళాలకు తుప్పు పట్టనివ్వదు మామయ్యా. కాలేజీలో చదివాను. కషాయం తాగండి, డాక్టరిచ్చిన మాత్రలు మాత్రం మానకండి."

"నా నరాలేమన్నా ఇనపమేకులా తుప్పు పట్టడానికి?"

అన్నాడే గాని, ఆమె మాట మీద ఒక చెట్టును ఆమె ప్రయోగానికి వదిలాడు. ఆ ఊళ్ళో ఒక పక్క పట్టే ఒలుస్తారు, చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుందని భయం. మబ్బుపట్టిన ఉక్కపోత రోజు చూసి చుట్టూ ఒలిచి, ప్లాస్టిక్ కాగితం చుడితే కొత్త పట్ట వస్తుందని మాన్‌లింగ్ పంతం పట్టింది. షరతు ఒక్కటే. లోపలి తడి మాను మీద వేలు కూడా పడకూడదు. పడ్డచోట నల్లబడి చచ్చిపోతుంది.

పట్ట ఊడి వచ్చింది. పాల మీగడలా మెరుస్తున్న మానును చూసి ఆమె చప్పట్లు కొట్టింది.

అప్పుడే కింది పొలం పెంగ్ కావిడిబద్దతో ఎక్కి వచ్చాడు.

"నా గట్టు మీది చెట్టు ఒలవడానికి నీకెన్ని గుండెల్రా, నాలుగువేళ్ళ థాన్!"

"నాలుగువేళ్ళయినా నీ గొంతు పిసకడానికి చాలు!"

మొదటి దెబ్బ శెంగ్‌లిన్ చెవి మీద పడింది. చెవి చీలి రక్తం మెడ మీదికి కారింది. అతను తలతో పొడిచాడు, పెంగ్ ముక్కు పటుక్కుమంది. ముసలి థాన్ పార కామ ఊపుతూ మధ్యలోకి దూకాడు. ముగ్గురూ ఉండలా చుట్టుకుని దొర్లారు, లేచారు, మళ్ళీ పడ్డారు.

"చెట్టును తాకకండి!" మాన్‌లింగ్ అరిచింది.

"మనుషులు చస్తుంటే చెట్టు గోలేంటే!" శెంగ్‌లిన్ రక్తం ఉమ్మాడు.

అంతలో ఎవరిదో అరచెయ్యి తడి మాను మీద చప్పుమని ఆనింది. ఎవరిదో ఆమెకు కనబడలేదు.

"నా చెట్టును చంపాలని చెయ్యేశావురా?" ముసలి థాన్ కామ ఎత్తి పెంగ్ కుడి ముంజేతి మీద బలంకొద్దీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడైంది. అల్లాడుతూ కిందికి పోతున్న పెంగ్ వెనకాల ముసలాడి కేక వెళ్ళింది. "ఆ మాను నల్లబడిందా, రెండోదీ విరుస్తా!"

ఇరవై రోజులు ఆమె రోజూ పొద్దున్నే వెళ్ళి చూసింది. కాగితం లోపలంతా నీటిబొట్లే. విప్పే రోజు శెంగ్‌లిన్ కూడా వచ్చాడు, మామగారైతే కామ చేతపట్టుకునే వచ్చాడు.

కాగితం ఊడింది. చెట్టు చుట్టూ లేత పట్ట! మాన్‌లింగ్‌కి గంతెయ్యాలనిపించింది. మరుక్షణమే, ఛాతీ ఎత్తున, నల్లటి మచ్చ కనిపించింది.

"చూశావా! వాడి పనే!" ముసలాడి కణత నరం ఉబ్బింది. అతను వాలు దిగబోతుంటే ఆమె అడ్డుపడింది.

"ఒక్కసారి చూసి వెళ్ళండి మామయ్యా."

అరచెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఖాళీ, చిటికెనవేలు.

ముసలి థాన్ తన చెయ్యి చూసుకున్నాడు. మెల్లగా మచ్చ మీద ఆనించాడు. అచ్చంగా అమరింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత కామ తీసుకుని పెంగ్ ఇంటి వైపే నడిచాడు. మొగుడూ పెళ్ళాం వెనకే పరిగెత్తారు.

పెంగ్ విరిగిన చేతికి వెదురుబద్దలు కట్టుకుని, ఎడంచేత కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ముసలి థాన్ కామను అతని ముందు పడేసి, గడప రాయి మీద తన నాలుగువేళ్ళ చెయ్యి పెట్టాడు.

"మాను మీద పడ్డ చెయ్యి నాదిరా. కొట్టు."

పెంగ్ కత్తి వదిలి కామ అందుకున్నాడు. ఎడంచేత్తోనే పైకెత్తాడు. మాన్‌లింగ్ కళ్ళు మూసుకుంది. రాయి మీద పెళ్ళుమని చప్పుడు.

చేతికి బెత్తెడు దూరంలో కామ రెండుగా విరిగి ఉంది.

"ఎడంచెయ్యి, గురి కుదర్లేదు," అన్నాడు పెంగ్ రొప్పుతూ. "కుడిది అతుక్కున్నాక రా."