శ్రీశైలమ్మ మేకలు

గిద్దలూరు వర్తకులు రైల్వే స్టేషను దగ్గరి పాత గిడ్డంగిని శుభ్రం చేయించి, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకు వసతిగా మార్చిన ఏడాది అది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది కావస్తోంది. సకాలంలో వానలు పడక కొమరోలు, చంద్రశేఖరపురం వైపు పల్లెలవాళ్ళు కూలిపనులకు రైలెక్కి పోతున్నారు. పోలేని ముసలివాళ్ళు, జబ్బు మనుషులు గూడ్సు షెడ్డు చుట్టూ మిగిలిపోయేవారు. వాళ్ళతో మాట్లాడి వసతికి తీసుకురావడం, ఆసుపత్రికి నడిపించడం, ఎవరైనా బంధువులుంటే ఉత్తరాలు రాయడం అన్నపూర్ణ ఉద్యోగం. భర్త పోయి పుట్టింటికి చేరిన ఆమెకు ఆ పని ఇప్పించినవాడు వర్తక సంఘం పెద్ద రామలింగయ్య. వరసకు మేనమామ.

శ్రీశైలమ్మ గూడ్సు షెడ్డు గోడవార రెండు మేకలతో ఉండేది. అరవై ఏళ్ళుంటాయి. కొమరోలు అవతల పల్లె. మొగుడు పోయిన ఏడాదే గుడిసె కూలింది. స్థలం తమదని మరిది కొడుకులు మళ్ళీ వెయ్యనివ్వలేదు. మందలో మిగిలిన రెండు మేకలను తోలుకుని ఇక్కడికి వచ్చింది. పొద్దున్నే పాలు పిండి స్టేషను ముందు టీ అంగడికి పోసేది. దాంతోనే ఆమె తిండి.

అన్నపూర్ణ ఎనిమిది రోజులు వరసగా ఆమె దగ్గరికి వెళ్ళింది. ఎనిమిది రోజులూ ఒకటే జవాబు.

"నేనొస్తే నా మేకలు యాడుండాల తల్లీ?"

అన్నపూర్ణ పోయి రామలింగయ్యను అడిగింది.

"మామా, వెనక దొడ్డి ఊరికేనే పడి ఉంది గదా. ఒక మూల కట్టేసుకుంటుంది."

"మనుషుల కోసం పెట్టినాం గానీ మేకల కోసమా? రేపు ఇంకొకడు ఎద్దును తెస్తాడు. అట్ల కుదరదు, పో."

"ఎద్దు ఉన్నోడు ఇక్కడికి యాల వస్తాడు మామా?"

"ఎదురు మాట్లాడొద్దు. రూలంటే రూలే."

ఆశ్వయుజంలో, ఎవరికీ పనికిరాని సమయంలో, ముసురు పట్టింది. మూడో రోజున చూస్తే శ్రీశైలమ్మ గోనెపట్ట కప్పుకుని వణుకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. దగ్గుతుంటే మాట బయటికి రావడం లేదు. ఆసుపత్రిలో నెమ్ము చేసిందన్నారు, తడి తగలకూడదన్నారు. తీసుకొచ్చి గిడ్డంగి గుమ్మం ముందు నిలబెడితే ముసలామె లోపలికి అడుగు పెట్టలేదు. మేకల తాళ్ళు చేతికి చుట్టుకుని వానలోనే నిలబడింది.

అన్నపూర్ణకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పొద్దుటి నుంచి తిండి లేదు. చీర మోకాళ్ళ దాకా బురద.

"అవ్వా, నీకేమన్నా పిచ్చా? మేకలు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. నువ్వు పోతే? అమ్మేసెయ్. ఆ సుబ్బన్నకు చెప్తా, ఇప్పుడే తోలుకపోతాడు."

శ్రీశైలమ్మ తాళ్ళు విప్పి ఇచ్చింది. ఊరి చివర మందలు పెట్టే సుబ్బన్న ఆ సాయంత్రమే మేకలను తోలుకుపోయాడు. ముసలామెకు పొడి చీర కట్టించి చాప మీద పడుకోబెట్టినప్పుడు అన్నపూర్ణకు ఎన్నో రోజుల తర్వాత తన ఉద్యోగం మీద ఇష్టం కలిగింది.

పదిహేను రోజులకు జ్వరం, దగ్గు పోయాయి. ఆ వారమే రామలింగయ్య వచ్చి, ఎవరు ఎన్నాళ్ళ నుంచి ఉన్నారో చూశాడు.

"ఈ ముసల్ది కోలుకుంది గదా. జబ్బు తగ్గినోళ్ళు వచ్చిన నెలకల్లా ఖాళీ చెయ్యాల. చెప్పినావా?"

ఆ రూలు అన్నపూర్ణకు తెలుసు. గోడ మీది బోర్డులో తన చేత్తోనే రాసింది. మేకలు అమ్మించిన రోజున అది గుర్తు రాలేదు.

"యాడికి పోతుంది మామా? పాలమ్ముకుని తినేది. మేకల డబ్బు మందులకే అయిపోయింది. ఇప్పుడు ఏం పెట్టుకుని తింటుంది?"

"ఏదో ఒక పని చూసుకోమను. ఇక్కడ పన్నెండు చాపలున్నాయి, బయట నలభైమంది ఉన్నారు. నువ్వే చెప్పు, ఎవర్ని ఆపాల?"

అన్నపూర్ణ వర్తక సంఘం మీటింగుకు వెళ్ళి రూలు మార్చమని అడిగింది. వచ్చే మీటింగులో చూద్దామన్నారు.

శ్రీశైలమ్మకు విషయం చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ముసలామె అరవలేదు, ఏడవలేదు.

"నువ్వు మంచిదానివే తల్లీ. అంత మంచిదానివి గాకపోయింటే బాగుండు. నీ మాట వినకపోయిందును."

ఆ పూటే అన్నపూర్ణ కొమరోలు దారిలో నడుచుకుంటూ సుబ్బన్న దొడ్డికి వెళ్ళింది. ఒక మేకను అతను అప్పటికే సంతలో అమ్మేశాడు. పాలిచ్చే మేక ఉంది.

"తిరిగి ఇచ్చెయ్ సుబ్బన్నా. ఎంతైతే అంత ఇస్తా."

"యాల ఇస్తాను? చూలు కట్టింది. నేను కొనింది మేపుకోడానికే గానీ నీ కోసం దాచి పెట్టడానిక్కాదు." మేకను కొయ్యకు కట్టేశాడు. "ఒక పని చెయ్. ఆమెకు మేకల పని తెలుసు గదా. ఈడకొచ్చి మేపమను. దొడ్డి పక్క పాక ఉంది. పుట్టే పిల్లల్లో సగం ఆమెకు."

మర్నాడు ఈ మాట చెబితే శ్రీశైలమ్మ నోరు వంకర చేసింది.

"నా మేకకే నన్ను జీతగత్తెను చేసినావు." కానీ మూట కట్టుకుంది.

దొడ్డిలోకి అడుగు పెట్టగానే ముసలామె ఎవరినీ పలకరించకుండా నేరుగా ఆ మేక దగ్గరికి పోయి కూర్చుంది. పొదుగు పట్టి చూసి సుబ్బన్న మీద విరుచుకుపడింది.

"ఇదేంది నాయనా, ఇట్ల గడ్డ కట్టిందాకా పాలు తియ్యకుండా ఏం చేస్తావున్నావు? వేణ్ణీళ్ళు పెట్టు, పో!"

సుబ్బన్న గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. శ్రీశైలమ్మ పొదుగు మెల్లగా నిమురుతూ మేకతో ఏదో చెబుతోంది. అన్నపూర్ణ కంచె పక్కన నిలబడింది. తనను ఒక్కసారి చూస్తుందేమో, తిట్టినా సరే ఒక మాట అంటుందేమోనని ఎదురుచూసింది. ముసలామె తల తిప్పలేదు.

మధ్యాహ్నానికి అన్నపూర్ణ గిడ్డంగికి తిరిగొచ్చింది. వెనక దొడ్డిలో పేరుకుపోయిన విరిగిన పెట్టెలు, రాళ్ళు ఒక్కొక్కటే బయటికి మోయడం మొదలుపెట్టింది. విషయం తెలిసి రామలింగయ్య వచ్చాడు.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"ఎవరూ చెయ్యమనలేదు మామా. ఇంకోసారి మేకతో ఎవరన్నా వస్తే ఇక్కడ కట్టేసుకుంటారు. మీకిష్టం లేకుంటే ఈ పనికి ఇంకొకరిని చూసుకోండి."

గూడ్సు షెడ్డు దగ్గరికి రోజూ పోయే మనిషి గిద్దలూరులో ఇంకొకరు దొరకరని ఇద్దరికీ తెలుసు. రామలింగయ్య తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆమె వంగి ఇంకో రాయి ఎత్తింది.