ఇంటికొక చెయ్యి

మీటింగంటే టీ పెట్టడం రమాకుమారి వంతు. ఖిదిర్‌పూర్ ఓడరేవు పక్కన తెలుగువాళ్ల సంఘానికి ఓ హాలూ, దాని వెనక చిన్న గదీ ఉన్నాయి. ఆ గదిలోనే సాయంత్రాలు ఆమె పిల్లలకు ఉచితంగా చదువు చెబుతుంది. ఇవాళ్టి ఆదివారం మీటింగులో ఆ గదిని క్యారమ్స్‌కి ఇచ్చేద్దామా వద్దా అని చేతులెత్తి తేలుస్తారట. సంఘంలో ఇంటికొక చెయ్యి. అది మగవాడిది, అతను పోతే అతని పెళ్లానిది. శ్రీకాకుళం నుంచి వచ్చిన తాతలు పెట్టిన రూలు.

"మనింటి తరపున నేనున్నాను కదా, నువ్వు టీ సంగతి చూసుకో" అన్నాడు పొద్దున్న ఆమె మొగుడు తిరుపతిరావు, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. మరి నా గదో అంటే, "ఏటి నీ గది? పిల్లలకి ఇంట్లో చెప్పుకో" అన్నాడు. ఇల్లంటే ఒక గదీ, అందులో అత్తగారి మంచమూ. మంచం పక్కన పదిమంది పిల్లలు ఎక్కడ కూర్చుంటారో అతనికి తట్టదు. తట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి.

నిన్న ఆ గదిలోనే మేరీరాణికి ప్లస్ టూ చరిత్ర చెప్పింది. వందేళ్ల కిందట బ్రిటన్‌లో వరసగా వచ్చిన చట్టాలు. ముసలివాళ్లకు పింఛను, పనివాళ్లకు బీమా, ప్రభువుల సభకు కళ్లెం, చివరికి ఆడవాళ్లకు ఓటు. ఆ ఓటు కూడా అందరికీ కాదు, ముప్ఫై ఏళ్లు నిండాలి, తన పేరనో మొగుడి పేరనో ఇల్లుండాలి. మేరీరాణి పెన్ను ఆపింది.

"అంటే ఒకే ఇంటిమీద మొగుడూ పెళ్లాలిద్దరికీ చెరొకటా దీదీ?"

"చెరొకటి."

"మరి మన సంఘంలో?"

రమాకుమారి పేజీ తిప్పేసింది. ఎంత అరకొర చట్టమో విడమరిచి చెప్పాల్సిన చోట ఆమెకు అసూయ పుట్టింది, ఎప్పుడో చచ్చిపోయిన తెల్ల ఆడవాళ్ల మీద. అసెంబ్లీ ఎన్నికలప్పుడు స్కూల్లో క్యూ కట్టి, మొగుడికి చెప్పకుండా తనకు నచ్చిన మీట నొక్కి వస్తుంది. అదే మనిషి ఈ హాల్లోకి వచ్చేసరికి టీ గ్లాసులకే పనికొస్తుంది.

ఇవాళ అసూయ ఇంకా దగ్గరికొచ్చింది. ముందు వరసలో తవిటమ్మ కూర్చుంది. మొన్న వానాకాలంలో ఆమె మొగుడు పోయాడు. పక్కనున్న మగవాళ్లు జరిగి చోటిచ్చారు. టీ అందిస్తుంటే ఆమె గుసగుసగా అడిగింది.

"నాకేటి తెల్దే అమ్మీ. ఎటు ఎత్తమంతావో సెప్పు."

గదికి ఎత్తు పిన్నీ అంటే సరిపోయేది. బొట్టు తీసేసిన ఆ మొహం చూసి కుళ్లుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది, అయినా ఆ కుళ్లు పోలేదు. ఏమీ తెలియని తవిటమ్మకు చెయ్యుంది. తప్పుగా ఎత్తినా లెక్కలోకొస్తుంది. తన గదిని నిలుపుకోవడానికి తాను ఆ చేతిని బతిమాలుకోవాలి. "నీ ఇష్టం పిన్నీ" అని ముందుకు కదిలింది.

"క్యారమ్స్‌కి ఒప్పుకున్నోళ్లు చేతులెత్తండి" అన్నాడు అధ్యక్షుడు అప్పలసూరి. అందరికన్నా ముందు తిరుపతిరావు ఎత్తాడు, వెనక్కి తిరిగైనా చూడకుండా.

"గది ఉండాలన్నోళ్లు?"

తవిటమ్మ అటూ ఇటూ చూస్తోంది. రమాకుమారి టీ పళ్లెం నేలమీద పెట్టి చెయ్యెత్తింది.

అప్పలసూరి నవ్వాడు. "మీ ఇంటి చెయ్యి మీ ఆయన ఎత్తీసినాడు కదమ్మా."

"తవిటమ్మ పిన్నికి ఉంది కదా మావయ్యా."

"ఆవిడికి పెనిమిటి పోనాడు. నీకేటి లోటు? రాజాలాగున్నాడు మీ ఆయన."

హాలంతా నవ్వింది. తిరుపతిరావూ నవ్వాడు. రమాకుమారి చెయ్యి దించలేదు. క్లాసులో అనుమానం అడిగే పిల్లలా నెమ్మదిగా అడిగింది.

"అయితే నాకు చెయ్యి రావాలంటే దేవుణ్ణి ఏటి కోరుకోమంటారు మావయ్యా?"