కత్తెరమ్మ కలిపేసిన చుట్టరికాలు

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. పిల్లల ఆసుపత్రి డేటాబేసులో ప్రతి మాటా మూడు భాషల్లో ఉండాలి. ఆ పట్టికలు చూసేది ఆమే. ఒకే మాట రెండుసార్లు కనబడిందా, ఒకటి ఎగిరిపోవాల్సిందే. సోమవారం చుట్టరికాల పట్టిక సర్దుతుంటే అత్త, పిన్ని, పెద్దమ్మ మూడింటికీ ఇంగ్లీషు గడిలో 'ఆంట్' అనే ఉంది. "ఒక్క మాటకి మూడు వరసలెందుకు, దండగ!" అని రెండు కొట్టేసి అత్తను ఉంచింది. దాంతో పాత కార్డుల్లోని పిన్నులూ పెద్దమ్మలూ కూడా అత్తలైపోయారు. తెలుగింట్లో పుట్టి పెరిగిన మనిషే! ఆ పూట బుద్ధి ఏ గడ్డి మేసిందో.

గురువారం పొద్దున వార్డు నర్సు ఫోను చేసింది.

"మేడమ్, మంగళవారం చేరిన పాపకి మూడింటికి ఆపరేషన్. గేటు దగ్గర ఒకావిడ పాప తాలూకు మనిషినంటోంది. పేరు సరిపోయింది, కార్డులో మాత్రం అత్త అనుంది. పాపనడిగితే నాకు అత్తే లేదంటోంది! ఈవిడ సంతకం లేకపోతే వాయిదా వేసేస్తారు."

కత్తెరమ్మకు సోమవారం కొట్టేసిన మాటలు గుర్తొచ్చాయి. మంగళవారం కార్డు రాసిన గుమస్తాకు పట్టికలో దొరికింది అత్త ఒక్కతే.

"పాపని అత్తా అని అడక్కండి. ఇంట్లో నీకు జడ ఎవరేస్తారని అడగండి."

క్షణంలో జవాబొచ్చింది. "పిన్నట!"

మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఆ ఒక్క కార్డూ చేత్తో దిద్దేసి పంపించేయండి. మిగతావి నిదానంగా చూద్దాం."

"దిద్దడానికి కంప్యూటర్లో పిన్ని అనే మాటే లేకుండా చేశాను కదండీ! నాలుగొందల మందిని అత్తల్ని చేసి కూర్చోబెట్టాను. చేసుకున్నమ్మకి చేసుకున్నంత. ఇవాళే పూర్తి చేస్తాను, నన్ను కదిలించకండి."

సిగ్గుతో చెవులు మండుతున్నాయి, అయినా చేతులు ఆగలేదు. ఆదివారం దాచిన డేటాబేసు నకలు తీసి మూడు వరసల్నీ మళ్లీ నిలబెట్టింది. ముందు పాప కార్డు మార్చింది. తర్వాత పాతవాళ్లందరినీ ఎవరి వరసలో వాళ్లను కూర్చోబెట్టింది. ఇంగ్లీషు గడి చూసి ఇంకెవరూ ఏ మాటనూ కొట్టేయకుండా కట్టడి పెట్టింది. సోమవారం నుంచి చేరిన ముప్పై ఏడుగురి సంగతి మాత్రం ఏ నకల్లోనూ లేదు. ఇక ఫోనే గతి.

"అమ్మా, మీరు బాబుకి అత్తా, పిన్నా, పెద్దమ్మా?"

"మేనత్తనమ్మా. ఏం, ఆస్తులేమైనా పంచుతున్నారా?"

తొమ్మిదో నంబరు తిప్పుతుండగా నర్సు ఫోను. "సంతకం అయిపోయింది మేడమ్. పాపని లోపలికి తీసుకెళ్తున్నారు."

ఆ వెనకే పాప గొంతు ఖంగుమంది. "పొద్దున్నించీ అత్త అత్త అంటారేంటి? పిన్ని కావాలంటే పిన్ని అనే అడగాలి కదా!"

"బుద్ధొచ్చింది తల్లీ," అంది కత్తెరమ్మ. కళ్లు తుడుచుకుని, తొమ్మిదో నంబరు మళ్లీ మొదటినుంచి తిప్పింది.