నిన్నటి గొంతు

నలుగురిలో మాట్లాడటం పిల్లలకి నేర్పే అక్క, నలుగురిలో నోరు విప్పలేకే బడి మానేసింది. ఈ సంగతి ఆమె ఇంతవరకూ పైకి అనలేదు. అప్పట్లో బడిలో ఇంటి పని అంది, ఇంట్లో కడుపునొప్పి అంది. రెంటినీ ఎవరూ నమ్మలేదు, అలాగని గుచ్చి అడిగినవాళ్ళూ లేరు. ఒక్క సైన్సు టీచరమ్మ మాత్రం వెతుక్కుంటూ బాబాయి బైండింగ్ షాపుకి వచ్చింది.

"ఎందుకు మానేశావమ్మా? కోప్పడటానికి రాలేదు. తెలుసుకుందామనే," అంది.

తొమ్మిదో తరగతి పిల్ల కటింగ్ మిషనుకి ఆనుకుని నేల చూపులు చూసింది. టీచరమ్మ చేతిలో టీ చల్లారిపోయేదాకా ఆగింది. చివరికి పెన్సిలు తీసి, మిషను పక్క గోడ మీద తన ఫోన్ నంబరు రాసి, "జవాబు దొరికినప్పుడు చెప్పు," అని వెళ్ళిపోయింది.

ఆ గోడకి తరవాత రెండుసార్లు సున్నం వేశారు. రెండుసార్లూ బ్రష్ పట్టుకున్నది అక్కే. నంబరు ఉన్నంత మేర, జానెడు గోడ, అలాగే వదిలేసింది. "ఆ ముక్క నిన్నేం చేసిందే?" అని బాబాయి అడిగితే "చెమ్మగా ఉంది" అంది. బాబాయి గోడ తడిమి చూసి, పొడి చెయ్యే లుంగీకి తుడుచుకున్నాడు.

ఆమె చదువంతా ఆ షాపులోనే జరిగింది. బైండింగుకి వచ్చేవి ఊడిన పుస్తకాలు కదా. కొన్నిటికి మొదటి పేజీలుండవు, కొన్నిటికి చివరివి. కుట్టేముందు ప్రతిదీ చదివేది. ఆమెకి తెలిసిన కథల్లో సగం నడిమధ్యలో మొదలవుతాయి, మిగతా సగం ఎటూ తేలకుండా ఆగిపోతాయి. తేలనివాటిని పేజీలు కుడుతూ తనే తేల్చుకునేది. షాపులో ఫోన్ మోగితే మాత్రం కదిలేది కాదు.

"ఎత్తవే!"

"చేతికి జిగురుంది బాబాయ్."

చేతికి ఎప్పుడూ జిగురే ఉండేది.

పిల్లల గుంపు అనుకోకుండా మొదలైంది. చిరిగిన పాఠ్యపుస్తకాలు తెచ్చిన పిల్లలు జిగురు ఆరేదాకా మేడమీద గదిలో చాప వేసుకుని కొట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. ఆ గోల భరించలేక ఒకరోజు అక్క ఒక ప్రశ్న పడేసింది: "గెలవడం కోసం ఆడాలా, ఆడటం కోసం ఆడాలా?" పుస్తకాలు ఆరిపోయినా ఎవరూ లేవలేదు. మర్నాడు పుస్తకం చిరగకపోయినా వచ్చారు. ఒకడైతే వంక కోసం తనే చింపుకొచ్చాడు.

మాటలయ్యాక రాయడం ఉండేది. మిషను కింద రాలిన అంచులు, వేలెడు వెడల్పు కాగితం ముక్కలు, తలా ఒకటి ఇచ్చేది. తెల్లటి నిండు పేజీ చూస్తే పిల్లలకి గుండె జారుతుంది. ఈ ముక్కని చూసి ఎవడు భయపడతాడు? దానిమీద రాయాల్సింది ఒకటే: ఇవాళ నా మనసు ఎక్కడ కదిలింది? అచ్చుతప్పులు దిద్దేది కాదు. రాసినవాళ్ళు మడిచి జేబులో వేసుకుని పోవచ్చు.

ఆ గుంపులో ఊపిరి తీసుకోవడానికి కూడా మాట ఆపనివాడు రేడియో. ప్రతిదానికీ "ఎలా రుజువు చేస్తావ్?" అని అడ్డుపడే పిల్ల లాయరు. వాళ్ళ మధ్యకి ఒక సాయంత్రం, ఆసుపత్రి డ్యూటీ దిగి అటే వచ్చిన ఒక నర్సు, కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"అమ్మాయ్, మా దానికి గొంతు మర్నాడొస్తుంది," అంది, కళ్ళజోడు వాడుతుంది అన్నంత మామూలుగా.

అంతే సంగతి. ఆ పిల్ల ఇవాళ మాట్లాడితే పెదాలు మాత్రమే కదులుతాయి. గొంతు రేపు, అదే వేళకి, అదే చోట వినిపిస్తుంది. తల్లి పొద్దున వంటింట్లో అడుగు పెట్టేసరికి "అమ్మా, నా రెండో సాక్సు ఏదీ?" అని నిన్నటి గొంతు పలికేది. "దొరికిందిగా తల్లీ, నిన్ననే," అని తల్లి ఖాళీ వంటింటికి జవాబు చెప్పి స్టవ్ వెలిగించుకునేది. మర్నాటి రొట్టెలు ముందురోజే వచ్చి అడుగుతుంది కాబట్టి రొట్టెల కొట్టాయనకైతే ఆ పిల్లంటే గౌరవం. "ఒకరోజు ముందే చెప్పే బేరం ఇదొక్కటే," అనేవాడు. వీధిలో అందరూ ఆమెని 'రేపు' అనే పిలిచేవాళ్ళు.

బడిలో మాత్రం కుదరలేదు. చరిత్ర జవాబు మర్నాడు లెక్కల పీరియడులో వచ్చేది. ఎక్కాల మధ్యలో ఏదో రాజు యుద్ధానికి బయల్దేరేవాడు. క్లాసంతా ఘొల్లుమనేది. నవ్వించడం ఇష్టంలేక రేపు పెదాలు కదపడం కూడా మానేసింది. నోటి ప్రశ్నల్లో సున్నాలు వచ్చి, ఒక ఏడాది అదే తరగతిలో ఉండిపోయింది.

మొదటిరోజు చాప మీద ప్రశ్న: "దారిలో ఎవరైనా ఏడుస్తుంటే ఆగాలా, చూడనట్టు పోవాలా?"

"పోవాలి," అన్నాడు రేడియో. "ఏడ్చేవాళ్ళకి సిగ్గుగా ఉంటుంది."

"నీకెలా తెలుసు? నువ్వెప్పుడు ఏడ్చావ్?" అంది లాయరు.

"నేనా? ఛ!"

అక్క రేపు వైపు చూసింది. రేపు చాలాసేపు తల వంచుకుంది. ఆఖరికి పెదాలు కదిలాయి.

"వినబడట్లేదోచ్," అన్నాడు రేడియో.

"రేపు వినబడుతుందిరా. ఇదే వేళకి రండి. ఆ చోటులో ఎవరూ కూర్చోకండి," అంది అక్క.

మర్నాడు అందరూ ఆ ఖాళీ చోటు చుట్టూ చేరారు. రేపు కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది, ఎవరి మాటో వినడానికి వచ్చినట్టు. చాప మీంచి సన్నటి గొంతు పలికింది: "ఆగాలి. కానీ ఎందుకూ అని అడిగేసి మీద పడకూడదు. అడిగితే ఏడుపు ఆపుకుని జవాబు వెతుక్కోవాలి, అది ఇంకా కష్టం. ఊరికే పక్కన నించోవాలి."

రేడియో జేబులోంచి నిన్నటి కాగితం ముక్క తీసి ఏదో కొట్టేసి, ఏదో రాసుకున్నాడు. తరవాత గొంతు సవరించుకుని, "నిన్న నేనన్నది వాపసు," అన్నాడు. లాయరు రుజువు అడగలేదు.

అప్పట్నించి గుంపు నిన్నటి గొంతుతో మొదలయ్యేది. దానివల్ల ఒక చిత్రం జరిగింది. నిన్నటి మాట వినేసరికి మిగతావాళ్ళకీ నిన్న తామన్నవి గుర్తొచ్చేవి. "నేనలా అనకుండా ఉండాల్సింది" అని ఒకరు, "నేను అనాల్సింది అనలేదు" అని ఒకరు. వెనక గోడకి అతుక్కుని కూర్చునే పిల్లలు చాప మధ్యకి జరిగారు. రేపూ రేడియో పోట్లాడితే వారం పట్టేది. ఇవాళ వాడొకటంటే రేపటికి గానీ జవాబు రాదు. ఈలోగా వాడికి నిద్రపట్టేది కాదు.

అలా ఉండగా నర్సు దిగులు మొహంతో వచ్చింది. "పెద్దబడిలో చేరాలంటే నోటి పరీక్షట. శనివారం పదిన్నరకి. అక్కడ మాట్లాడకపోతే సీటు లేదు. మళ్ళీ అదే తరగతిలో కూర్చోనంటోంది. బడే మానేస్తానంటోంది."

రేపు కాగితం ముక్క మీద గబగబా రాసి అక్క చేతిలో పెట్టింది. *శనివారం నాకు కడుపునొప్పి అని చెప్పేస్తా.*

అక్క ఆ ముక్కని చదివి, మళ్ళీ చదివి, కిటికీ బయటికి చూసింది.

"గుంపుని అడుగుదాం," అంది ఎలాగో.

చాప మీద గోల. దారి కనిపెట్టింది లాయరే. "శుక్రవారమే వెళ్ళి ఆ పరీక్ష కుర్చీలో కూర్చుని జవాబు చెప్పేసొస్తే? శనివారం అదే వేళకి వినిపిస్తుంది!"

"ప్రశ్న వినకుండా జవాబేంటే?" అన్నాడు రేడియో.

"పెద్దవాళ్ళు అడిగేవి ఎప్పుడూ అవే కదరా. పెద్దయ్యాక ఏమవుతావ్, పొద్దున్నే ఎందుకు లేవాలి..."

జవాబులు తయారుచేశారు, కంఠతా పట్టించారు. ఇక ఆ బడికి ఫోన్ చేసి కుర్చీ అడగాలి. పిల్లలందరూ అక్క వైపు చూశారు. అక్క చేతుల్ని వెనక్కి పెట్టుకుంది.

"జిగురు," అంది.

బాబాయే చేశాడు. "హలో... మా అమ్మాయి మీ కుర్చీలో ఒక పది నిమిషాలు కూర్చోవాలండి... అహఁ, కొనడానిక్కాదు... పదిన్నరకి... చాలా సంతోషం." ఫోన్ పెట్టేసి, "రమ్మన్నారు. ఇంత చిన్న ముక్క అడగడానికి ఇంతమంది దద్దమ్మలా!" అన్నాడు. దద్దమ్మలు అన్నది అందరినీ. చూసింది మాత్రం అక్కనే.

శుక్రవారం పదిన్నరకి రేపు ఆ పెద్ద గదిలో ఆ కుర్చీలో కూర్చుంది. గుమ్మంలోంచి అక్క చూస్తూనే ఉంది. కంఠతా పట్టినవన్నీ చెప్పాలంటే చాలాసేపు పట్టాలి. పెదాలు కాసేపు కదిలి ఆగిపోయాయి.

"అప్పుడే అయిపోయిందా? మర్చిపోయావా?"

రేపు తల అడ్డంగా ఊపి, నవ్వింది.

శనివారం బయట బెంచీల నిండా పిల్లలు. గుంపులో ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది: వరసలో ముందున్నవాడు ఆలస్యం చేస్తే? సరిగ్గా అదే అయింది. తెరిచి ఉన్న తలుపు లోపల, కుర్చీలో ఇంకో అబ్బాయి తన ఊహల్లోని విమానం గురించి చెబుతూనే ఉన్నాడు. గోడ గడియారం పదిన్నర చూపించింది. నర్సు అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కుర్చీ పలికింది. "నమస్కారం. నేను నిన్న కూర్చుని చెబుతున్నాను."

ఆ అబ్బాయి విమానం ఆపి, మర్యాదగా కాస్త పక్కకి జరిగి కుర్చీలో చోటిచ్చాడు.

"మా వాళ్ళు నాకు చాలా జవాబులు నేర్పారు. బాగున్నాయి గానీ, అవి చెప్పను. మీరింకా ఏమీ అడగలేదు కదా. అడగండి. వెంటనే చెబుతాను. మీరు మాత్రం రేపు వచ్చి వినాలి. రావడం కుదరకపోతే తలుపు తీసి పెట్టండి, మా వాళ్ళు వింటారు."

బల్ల వెనక కూర్చున్న హెడ్మిస్ట్రెసు కలం కింద పెట్టింది. "ఈ గొంతు ఎవరిది?"

బయట బెంచీల మీద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఊరుకుంటే ఎవరిదో తెలీనే తెలీదు. కడుపునొప్పి అని ఇంటికి పోవచ్చు. రేపు లేచింది. అందరూ చూస్తుండగా చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించకుండానే లోపలికి నడిచింది. విమానం అబ్బాయి లేచి కుర్చీ ఆమెకిచ్చాడు.

"రేపు ఆదివారం కదండీ," అన్నాడు బల్ల చివర కూర్చున్న కళ్ళజోడు మాస్టారు.

"నాకేం పని లేదు," అంది హెడ్మిస్ట్రెసు. రేపు వైపు తిరిగి, "అందరూ ఒకటంటే, నీ ఒక్కదానికే వేరేగా అనిపించిందనుకో. ఏం చేస్తావ్?" అని అడిగింది. రేపు పెదాలు చాలాసేపు కదిలాయి. ఆవిడ ఆ నిశ్శబ్దాన్ని మొత్తం శ్రద్ధగా చూసింది.

ఆదివారం ఆ గదిలో హెడ్మిస్ట్రెసు, నర్సు, అక్క, బాబాయి, గుంపు మొత్తం. మాస్టారు కూడా వచ్చాడు, ఇటే వెళ్తున్నానంటూ. అంతా ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు.

"ముందు ఊరుకుంటాను," అంది గొంతు. "భయం కదా. ఒకసారి మా గుంపులో, రాసుకున్నవి అందరూ పైకి చదవాలని రేడియో అన్నాడు. అందరూ సరేనన్నారు. నాకు నచ్చలేదు. ఇంటికెళ్ళి రాసుకున్నాను. రాశాక కూడా నచ్చలేదు. అప్పుడు చెప్పాను. వాడు రెండు రోజులు పోట్లాడాడు. ఇప్పుడు చదవక్కర్లేదన్నది రూలు. ఆ రూలు తనే పెట్టానని చెప్పుకుంటున్నాడు."

"అబద్ధం!" అన్నాడు రేడియో. లాయరు వాడి నోరు మూసింది.

"నాకింకా భయమేస్తుంది. కానీ భయం మాటకంటే ముందొచ్చి కూర్చుంటుంది. నా మాట రావడానికి ఒక రోజు పడుతుంది. అంతసేపు కూర్చోలేక అదే లేచి పోతుంది."

హెడ్మిస్ట్రెసు కాసేపు కుర్చీనే చూసింది, ఇంకేమైనా ఉందేమోనని. "బడి తెరవగానే పంపించండి," అంది నర్సుతో. "మా క్లాసులోనూ నిన్నటి మాటకి ఒక పీరియడు ఉంచుదాం." నర్సు కళ్ళు తుడుచుకుంటే ఎవరూ ఎందుకని అడగలేదు. రేడియో వెళ్ళి పక్కన నించున్నాడు.

అట్నించి అందరూ షాపుకి వచ్చారు. పైన గోల గోలగా ఉంటే రేపు మాత్రం కింద, కటింగ్ మిషను దగ్గర నిలబడింది. సున్నం తగలని జానెడు గోడని చూసింది. నంబరు మీద వేలు పెట్టి చూసింది. పెదాలు కదిపి ఏదో అని, అక్కకి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

సోమవారం బాబాయి కట్టలు అందించడానికి వెళ్ళాడు. షాపులో అక్క ఒక్కతే, ఒక లావుపాటి పుస్తకం వెన్నుకి జిగురు పూస్తోంది. నిన్నటి వేళ అయింది.

"అక్కా," అంది గోడ పక్కనించి గొంతు. "ఈ నంబరు నీ కోసం రాసిందే కదూ? నువ్వు ఎవరికో జవాబు చెప్పాల్సి ఉన్నట్టుంది. పర్లేదులే. ఇన్నాళ్ళూ చెరపకుండా ఉంచావంటే నీకు జవాబు తెలుసన్నమాట. రాసినవాళ్ళు ఇంకా ఆగే ఉంటారు."

బ్రష్ గిన్నెలో పడింది. అక్క గోడ దగ్గరికి వెళ్ళింది. పెన్సిలు గీతలు వెలిసినా ఒక్క అంకె కూడా పోలేదు. టీచరమ్మా, నలుగురూ నన్నే చూస్తుంటే నా గొంతు రాలేదండీ, అందుకే మానేశాను. ఇంతే కదా జవాబు. ఇన్నేళ్ళూ లోపల ఇదే ఉంది.

చేతుల వైపు చూసుకుంది. రెంటికీ జిగురుంది. ఉంటే ఉండనీ, ఫోనుకి అంటుకుంటే బాబాయి తిడతాడు, అంతేగా, అనుకుంది.