తీసేసిన చప్పుడు

బాబాయిని కాటికి సాగనంపి వచ్చిన మరుసటి వారం, పట్టపగలు, ఆఫీసులో అందరూ భోజనాలకు లేచిన వేళ బుల్లికి ఒక మెయిల్ వచ్చింది. బాబాయి మీకొక ఫైలు పంపారు, వారంలోగా దించుకోండి, ఆ తర్వాత లింకు పనిచేయదు.

ఆమె దెయ్యాలను నమ్మే మనిషి కాదు. నమ్మకపోయినంత మాత్రాన భయం మానదని అప్పుడే తెలిసింది. చల్లబడ్డ అన్నం డబ్బాకు మూత పెట్టేసి, ఆ మెయిల్ వైపు చూస్తూ కూర్చుంది.

బాబాయి వినే పుస్తకాలకు గొంతు ఇచ్చేవాడు. ఇంట్లో వెనక గది గోడలకు పాత పరుపులు బిగించి, అందులో మైకు పెట్టుకుని చదివేవాడు. చదివింది బుల్లికి పంపితే, ఆమె అందులోని దగ్గులు, కుర్చీ కిర్రులు, వీధిలో హారన్లు అన్నీ ఏరిపారేసి గొంతు మాత్రం మిగిల్చేది. ఆ ఫైళ్లు మెయిల్‌లో పట్టవు. డబ్బు కట్టి పంపుకునే మార్గం ఒకటి ఆ పుస్తకాల కంపెనీవాళ్లు చూపిస్తే ఆయన ససేమిరా అన్నాడు. "ఉచితంగా మోసేవాడుంటే కూలి ఇవ్వడమెందుకే?" అని ఎవరినో అడిగి ఒక ఉచిత సైటు పేరు పట్టుకొచ్చాడు. వారం దాటితే అందులో ఫైలు మాయమవుతుంది. బుల్లి తీరిక లేక దించుకోవడం మరిచిపోయి లబోదిబోమంటే, "ఇంకోసారి పంపితే పోలా? ఉచితమే కదా!" అనేవాడు. అనడం వరకే ఆయన వంతు. మీటలు నొక్కి పంపేది పిన్ని. కంప్యూటరంటే బాబాయికి పాముని చూసినంత భయం.

అది గుర్తొచ్చాక బుల్లి ప్రాణం కాస్త కుదుటపడింది. ఫైలు దించుకుంది. అది పూర్తయిన మరుక్షణం ఫోన్ మోగింది.

"దించుకున్నావటగా. ఇక్కడ ఆయన మెయిల్‌కి కబురొచ్చింది" అంది పిన్ని.

"ఏంటి పిన్నీ ఇది?"

"ఆ రోజు చదివింది. నేను వినలేదు, వినలేను. నువ్వు విని నాకొక్క సంగతి చెప్పు చాలు."

ఆ రోజంటే బాబాయి పోయిన రోజు. భోజనం చేసి, ఎప్పటిలాగే వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ తలుపు మూసుంటే కొట్టకూడదన్నది ఆ ఇంట్లో చట్టం. ఆ చట్టం చేసింది బాబాయి కాదు, పిన్నే. ఒకసారి ఎవరో చుట్టపాయన తలుపు బాది ఒక అధ్యాయమంతా పాడుచేస్తే, ఆవిడ వీరంగం వేసి మరీ చేసింది. పొద్దువాలినా ఆయన బయటికి రాకపోయేసరికి, చివరికి తనే తలుపు తీసింది. బాబాయి కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నాడు. మైకు మీది చిన్న ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"మధ్యలో 'ఏమోయ్, ఒకసారి ఇలా రా' అని వినపడింది బుల్లీ. లేచి తలుపు దాకా వెళ్లాను. తీరా అది ఆయన గొంతులా లేదు, ఆ కథలో ముసలాడి గొంతులా ఉంది. చదువుకుంటున్నాడులే అని వెనక్కొచ్చేశా. ఆ మాట పుస్తకంలో ఉందా, లేదా? అంతే, అది చెప్పు."

ఆ పుస్తకం ఓడలకు దారి చూపే దీపస్తంభానికి కాపరిగా ఉన్న ఒక ముసలాడి కథ. కాపరి కోసం బాబాయి ఒక పీల గొంతు తయారుచేశాడు, ఊపిరి అందనట్టు, మాట మాటకీ ఆగుతూ. ఇంటిల్లిపాదీ దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లు. పిన్ని అయితే ఉప్పు అందించమన్నా ఆ గొంతుతోనే అడిగేది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి బుల్లి పుస్తకం ముందు పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినడం మొదలుపెట్టింది. చివరి అధ్యాయం. బాబాయి మంచి ఊపు మీదున్నాడు. కాపరి మెట్లెక్కాడు, దీపం తుడిచాడు, దూరంగా పడవ కనిపిస్తే కేకేశాడు. ఆ తర్వాత తుఫాను. ఆ వాక్యం సగంలో గొంతు ఆగిపోయింది. కుర్చీ కిర్రుమంది. అంతలో, "ఏమోయ్... ఒకసారి... ఇలా రా."

పుస్తకంలో ఆ మాట లేదు. బుల్లి పేజీ తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది. లేదు.

ఆ పిలుపు వెనకాలే మెత్తటి చప్పుడు, పిన్ని చెప్పులది. దగ్గరకొచ్చింది, తలుపు అవతల ఆగింది. గదిలో బాబాయి ఊపిరి గట్టిగా పీల్చాడు. చెప్పులు వెనక్కి వెళ్లిపోయాయి. తర్వాత గది ఒక్కటే వినపడుతోంది, గంటలకు గంటలు. బుల్లి అన్నాళ్లూ బాబాయి ఫైళ్లలోంచి తీసిపారేసిన చప్పుడది. ఇప్పుడు వేరే ఏమీ లేక అదొక్కటే మిగిలింది. చిట్టచివర తలుపు తీసిన శబ్దం రాగానే ఆమె హెడ్‌ఫోన్లు లాగేసింది. ఆ పైన వినడం ఆమె వల్ల కాలేదు.

ఫోన్ చేసింది. "పుస్తకంలోదే పిన్నీ. ముసలాడు పడవవాణ్ణి పిలుస్తాడు."

"బతికించావు తల్లీ" అంది పిన్ని. "పుస్తకం బయటికొచ్చాక నేనూ వింటాను. ఆ మాట వచ్చే చోటు చెబుదువుగాని."

బుల్లి ఆడిన అబద్ధం ఒక్కటే, దానికి ఇప్పుడు పుస్తకాన్నే సాక్ష్యానికి తేవాలి. 'పడవవాణ్ణి కేకేశాడు' అన్న వాక్యం తర్వాత కాస్త జాగా చేసి, బాబాయి ఆఖరి పిలుపు తీసుకొచ్చి అక్కడ అతికించింది. అతుకు తెలియకుండా పోయింది, ఆమె చేతి పనితనం అలాంటిది మరి. పిలుపు వెనకున్న చెప్పుల చప్పుడు శుభ్రంగా తీసేసింది. మిగిలిపోయిన పేజీలు కంపెనీవాళ్లు ఇంకెవరి చేతో చదివించారు. పుస్తకం బయటికొచ్చింది. చనిపోతూ ఒక మనిషి పెళ్లాన్ని పిలిచిన పిలుపుని జనం బస్సుల్లో, వంటిళ్లలో కథగా విన్నారు. నటనంటే ఇదీ అని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పులు కనపడినప్పుడల్లా బుల్లి పేజీ మూసేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిన్ని పిలిస్తే వెళ్లింది. ఇద్దరూ వెనక గదిలోనే కూర్చున్నారు. పరుపుల గోడల మధ్య తమ మాట తమకే వింతగా ఉంది. పిన్ని ఫోన్‌లో ఆ చోటు పెట్టింది. ఏమోయ్... ఒకసారి... ఇలా రా.

"ఇదే" అంది పిన్ని కళ్లు మూసుకుని. బుల్లి ఊపిరి పీల్చుకోబోయింది.

"మరి నా చెప్పుల చప్పుడేదే?"

"తీసేశాను పిన్నీ. నా పనే అది కదా."

"అంటే మైకుకి వినపడ్డాయన్నమాట."

"ఆ."

"మైకుకి వినపడితే ఆయనకీ వినపడే ఉంటాయి." పిన్ని కళ్లు తెరిచింది. "వచ్చానని తెలిసింది. వెళ్లిపోయాననీ తెలిసింది."

బుల్లి తలెత్తి పిన్ని వైపు చూసింది.

"అదేం చూపే? కింద పడవలో ఉన్నవాణ్ణి ఎవరైనా 'ఒకసారి ఇలా రా' అంటారా? పెళ్లాన్ని పిలిచే పిలుపు ఆ మాత్రం నాకు తెలియదనుకున్నావా? నువ్వు పుస్తకంలోదంటే, కొన్నాళ్లు నమ్ముదామని నమ్మాను. మంచిదానివి, నీ మీద కోపం లేదు." పిన్ని ఫోన్ పక్కన పెట్టింది. "నువ్వు తీసేసిన ఆ చప్పుడు ఉంది చూడు, అది పంపు."

"ఎందుకు పిన్నీ, వద్దు."

"నా అడుగులు ఆయన ఎంతసేపు విన్నాడో నేనూ వినాలి."

కాదనలేకపోయింది. ఇంటికెళ్లి, తీసేసిన చప్పుడంతా, ఆ వెనకున్న గంటల ఖాళీ గదితో సహా, బాబాయి వాడిన ఉచిత సైటులోనే పెట్టి పంపింది. మీరు పంపిన ఫైలు దించుకున్నారు అని మెయిల్ వచ్చింది. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చింది, మధ్యాహ్నం ఇంకోసారి వచ్చింది. దించుకున్నది దాచుకోవడం ఎలాగో పిన్నికి తెలియకేం. ఒక్కోసారి వినడం కాగానే తుడిచేస్తోందని, మళ్లీ మొదటినుంచి తలుపు దాకా నడుస్తోందని బుల్లికి అర్థమైంది. బుల్లి ఆ మెయిళ్లు చూడటం మానేసింది. అయినా ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఆమె చెవిలో చెప్పులు వచ్చి, ఆగి, వెళ్లిపోయేవి.

వారం తిరిగింది. టింగుమనడం ఆగిపోయింది. లింకు పోయి ఉంటుందనుకుని, ఆ రోజు కాస్త కడుపునిండా తింది. చెయ్యి కడుక్కుంటుండగా ఫోన్ మోగింది.

"లింకు పోయిందే బుల్లీ" అంది పిన్ని. "ఇంకోసారి పంపితే పోలా? ఉచితమే కదా!"