అద్దె రెక్క

మా ఆయన డ్వేన్‌కి కొత్త రెక్క వచ్చిందంటే నాకు పాత రెక్క వచ్చినట్టే. పెళ్లయిన కొత్తలో పాత సర్ఫ్ బోర్డులు, ఆ తర్వాత పాత తెడ్లు, ఇప్పుడు పాత ఫాయిల్ రెక్కలు. మా మావీ దీవిలో ఇది మామూలే. సముద్రం సామాను ఇంట్లో ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి దిగుతుంది. ఇచ్చినదాన్ని వద్దంటే మొహం మీద కొట్టినట్టు. అందుకని రెండేళ్లపాటు వద్దనలేదు. ఆ రెండేళ్లూ నీళ్లలో పడుతూనే ఉన్నాను.

ఫాయిల్ బోర్డు అడుగున నిలువుగా ఒక కడ్డీ, దాని చివర చిన్న విమానం రెక్కలాంటిది ఉంటాయి. నిలబడి తెడ్డు వేసి, అలని పట్టుకుని వేగం అందుకుంటే, ఆ రెక్క నీళ్లలోనే ఉండి బోర్డుని మనిషితో సహా పైకి లేపుతుంది. లేచాక కుదుపుండదు, చప్పుడుండదు అంటారు లేచినవాళ్లు. నాకేం తెలుసు? మా ఆయన ఇచ్చిన రెక్క సన్నగా, పొట్టిగా, చాకులా ఉండేది. దాని మీద ఆయన సముద్రమంతా చుట్టొచ్చేవాడు. నేనెక్కితే మాత్రం, వేగం కాస్త తగ్గగానే చేతులెత్తేసేది. నేను బోర్లా పడేదాన్ని.

"మోకాళ్లు వంచు మాపూ!" అని ఒడ్డు మీదనుంచి అరిచేవాడు డ్వేన్.

"వంచాను!"

"ఇంకా వంచు!"

"ఇంకా వంచితే కూర్చున్నట్టే! కూర్చోమంటావా?"

"బుర్రలో భయం పెట్టుకుంటే ఎవరైనా పడతారు. అంతా ప్రాక్టీసే."

ఆ 'అంతా ప్రాక్టీసే' అన్నమాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి సముద్రంలోనే ఉన్నాను. నాకు భయమేంటి?

ఇదంతా భరించింది హౌనానీ అక్క కోసం. మా పెద్దమ్మ కూతురు. పడవ క్లబ్బులో చిన్నప్పటినుంచి ఇద్దరిదీ ఒకే పడవ. ఆవిడ వెనక సీటు నాది. ఆవిడ వీపు చూస్తూ తెడ్డు వేయడమే నాకు తెలిసిన సముద్రం. తర్వాత ఆవిడ పడవ వదిలి ఫాయిల్ ఎక్కింది. మాలికో లోయ సముద్రంలో కలిసేచోట దిగి, గాలివాలున కహులుయి హార్బరుదాకా ఎగురుతూ వచ్చేది. నేను ఒడ్డున నిలబడి చెయ్యి ఊపేదాన్ని. "ఒక్కసారి నా పక్కన రావే" అని పోరుతూనే ఉండేది.

ఈ వేసవిలో వాళ్లుంటున్న ఇల్లు ఓనరు అమ్మేశాడు. ఊళ్లో వెతకని వీధి లేదు. వాళ్ల జీతాలకి అందే ఇల్లు దొరకలేదు. ఇక్కడ నిలవలేనివాళ్లంతా చివరికెక్కడికి పోతారో వాళ్లూ అక్కడికే, లాస్ వేగస్‌కి. ఆదివారం విమానం. "ఏముందే, అక్కడ ఏసీ ఫ్రీగా కొడతారు, రెండు రోజులకోసారి బఫే" అని అందరినీ నవ్విస్తూ తిరిగింది. శనివారం మాలికో నుంచి ఆఖరిసారి దిగుతానంది.

"ఈసారైనా పక్కన ఉంటావా?" అని అడిగింది.

"ఉంటాను" అనేశాను. నోరు ఊరుకోదు కదా.

ఆ వారమంతా పనికి సెలవు పెట్టి కనహా బీచిలో దిగాను. పడ్డాను. లేచాను. మళ్లీ పడ్డాను. బుధవారం నాడు నా పక్కనే ఒక కెనడా ఆయన దిగాడు. గ్లెన్ అట పేరు. పొట్ట ముందుకి, ముక్కుకి తెల్లటి క్రీము, చేతిలో దుకాణంలో అద్దెకి తెచ్చిన నీలం బోర్డు. మూడో రోజట నేర్చుకోవడం. నేను చూస్తుండగానే చిన్న అల ఒకటి పట్టుకుని, నెమ్మదిగా, లిఫ్టులో పైకెళ్తున్నట్టు లేచాడు. లేచి, అలాగే నిలబడి, నావైపు చెయ్యి ఊపాడు కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. దగ్గరికెళ్లి ఆయన బోర్డు తిరగేసి చూశాను. కింద రెక్క నా రెక్కకి రెండింతలుంది. మందంగా, వెడల్పుగా, చేట అంత.

"ఇదేంటండీ ఇంత ఉంది?"

"నేర్చుకునేవాళ్లకి ఇదేనట. మెల్లగా వెళ్లినా లేపుతుందని చెప్పారు. మీదేంటి ఇంత చిన్నది? మీరు బాగా ఆరితేరినవారా?"

"అవును, పడడంలో" అన్నాను. "ఒక్కసారి మార్చుకుందామా?"

మార్చుకున్నాం. రెండోసారికే లేచాను. నిజంగానే చప్పుడు లేదు. కింద నీళ్లు పరుగెడుతున్నాయి, నేను పైన ఉన్నాను. సంతోషం పట్టలేక అరిచాను. ఆ వెంటనే కోపమొచ్చింది. రెండేళ్లు! రెండేళ్లుగా నాకు చేతకాదనుకుని, వయసైపోయిందనుకుని, రాత్రిళ్లు మోకాళ్లకి మందు రాసుకున్నాను. చేతకానిది నాకు కాదు, ఆ రెక్కకి.

సాయంత్రం డ్వేన్‌ని నిలదీశాను. "నాకు మొదట్లోనే పెద్ద రెక్క ఎందుకు ఇవ్వలేదు?"

"అవి టూరిస్టులవి మాపూ."

"అయితే?"

"అయితే ఏంటి? మీ నాన్న ఎవరు? అలలెక్కడంలో ఈ తీరంలో ఆయన పేరు తెలియనివాడున్నాడా? ఆయన కూతురు చేట కట్టుకుని తేలుతోందంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ రెండేళ్లనుంచి నేను పడడం చూస్తున్నారు. దానికేమనుకున్నారు?"

"కష్టపడుతోంది అనుకున్నారు" అన్నాడు, ఎంతో గౌరవమిచ్చినట్టు. నా చేతిలో పళ్లెం ఉంది కానీ, విసరలేదు.

మర్నాడు అద్దె దుకాణానికెళ్తే అక్కడ ఎర్నెస్ట్ అంకులూ అదే పాట. "నీకు అద్దెకిస్తే మీ నాన్న పైనుంచి దిగొచ్చి నా చెవి మెలేస్తాడే. ఈ ఊరివాళ్లు ఎవరైనా ఇక్కడ అద్దెకి తీసుకున్నారా ఎప్పుడైనా?" బతిమాలాను, తిట్టాను, కౌంటరు ముందు బైఠాయించాను. చివరికి ఇచ్చాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ. శుక్రవారం సాయంత్రం డ్వేన్ ఆ బోర్డు మీద దుకాణం పేరు కనబడకుండా నల్ల టేపు అంటించాడు. వద్దంటే వినలేదు. నేను మాట్లాడడం మానేశాను.

శనివారం మాలికో దగ్గర ట్రక్కు దిగేసరికి తలుపుని గాలి నా చేతిలోంచి లాక్కుపోయింది. వారమంతా మెత్తగా ఉన్న గాలి ఆ రోజే విరుచుకుపడింది. బయట సముద్రమంతా తెల్లటి నురగ, ఒకదాని వెనక ఒకటి పెద్ద అలలు. డ్వేన్ సీటు కిందనుంచి పాత చిన్న రెక్క తీశాడు.

"ఈ గాలికి ఇదే మాపూ. పెద్దది మెల్లటి రోజులకి. ఇవాళ నిన్ను గాల్లోకి విసిరేస్తుంది."

అన్నింటికన్నా మండిన విషయం ఏంటంటే, ఆయన చెప్పింది నిజం. రెండేళ్లు తప్పు చెప్పి, సరిగ్గా ఇవాళ నిజం చెప్పాడు.

"చిన్నదాని మీద నేను లేవలేను కదా!"

"లేవలేవు" అని ఒప్పుకున్నాడు.

ఇక చేసేదేముంది, పెద్దదాంతోనే దిగాను. హౌనానీ అక్క అప్పటికే లోయ నోట్లో నా కోసం ఆగి ఉంది. నా బోర్డుకున్న నల్ల టేపు చూసి నవ్వింది. "దొంగబండిలా ఉందే" అంది. డ్వేన్ హార్బరు దగ్గర ఎదురుచూస్తానని ట్రక్కెక్కాడు.

లోయ దాటి బయటికి వెళ్లగానే ఒక అల నన్నందుకుంది. లేచాను. అక్క పక్కనే లేచింది. మొహమంతా నవ్వు. 'వచ్చావా' అన్నట్టు చూసింది. అంతే. అల వేగం పెరిగింది, నా కింద చేట ఇంకా ఇంకా పైకి తన్నింది, రెక్క నీళ్లలోంచే బయటికొచ్చేసింది, నేను ఎగిరి పడ్డాను. మళ్లీ ఎక్కాను. మళ్లీ అదే. ముందుకి ఒరిగి తొక్కిపెట్టి చూశాను, వెనక్కి జరిగి చూశాను. ప్రతిసారీ రెండు క్షణాలు అక్క పక్కన, తర్వాత నీళ్లలో. ఎన్నిసార్లో చెప్పలేను. చివరికి బోర్డు పట్టుకుని సముద్రం మధ్యలో చిన్నపిల్లలా ఏడ్చాను. గాలిని తిట్టాను, మా ఆయన్ని తిట్టాను, ఆ ఇంటి ఓనరునీ తిట్టాను.

అక్క అప్పటికి చాలా దూరం వెళ్లిపోయింది. అంత దూరంలో బోర్డు దించేసి కూర్చుని ఉంది. పొట్ట మీద పడుకుని చేతులతో ఈదుకుంటూ నేను చేరుకునేదాకా కదల్లేదు.

"నువ్వెళ్లక్కా. మళ్లీ దొరకదు నీకు. నాకోసం పాడుచేసుకోకు" అన్నాను.

"నోర్మూసుకుని మోకాళ్ల మీద కూర్చో. తెడ్డు తియ్యి."

"ఇలా తెడ్డు వేసుకుంటూ హార్బరుదాకానా? సాయంత్రమవుతుంది."

"అయితే అవనీ. ఇల్లు ఖాళీ చేశాను, వంట కూడా లేదు నాకు." తెడ్డు నీళ్లలో ముంచింది. "ఎగిరేటప్పుడు చెవుల్లో గాలి తప్ప ఇంకేం వినబడదే. ఇవాళ ఎగిరి ఉంటే నీతో ఒక్క ముక్క మాట్లాడే వీలుండేది కాదు."

పక్కపక్కనే మోకాళ్ల మీద కూర్చుని తెడ్లు వేశాం. పెద్దమ్మ గురించి, చచ్చిపోయిన మా క్లబ్బు పాత కోచ్ గురించి, మా ఆయన అంటించిన టేపు గురించి మాట్లాడుకున్నాం. టేపు గురించి చెప్తుంటే అక్క నవ్వలేక బోర్డు మీద వాలిపోయింది. ఆ నవ్వు చూశాక నాలో ఏదో తెగిపోయింది. వారమంతా రెక్క, రెక్క అని నేను ఊరందరితో పోట్లాడింది దేనికో అప్పుడు నా నోటికొచ్చింది.

"వెళ్లొద్దక్కా."

ఆవిడ నవ్వు ఆగింది. ఏసీ గురించి, బఫే గురించి ఇంకో జోకు వేస్తుందనుకున్నాను. వేయలేదు. చేత్తో మొహం తుడుచుకుంది.

"నాకు మాత్రం వెళ్లాలనుందా?" అంది. "ఒక్కళ్లైనా ఆ మాట అంటారేమోనని చూశానే. అందరూ పార్టీలిచ్చారు."

ఎదురుగా హార్బరు గోడ కనిపిస్తోంది. దాని మీద నిలబడి డ్వేన్ రెండు చేతులూ ఊపుతున్నాడు. మేమిద్దరం తెడ్లు పైకి తీసి ఒళ్లో పెట్టుకున్నాం. అయినా గాలి మమ్మల్ని అటువైపుకే తోస్తోంది.